ఉగ్రవాదుల చేతికి ప్రమాదకర టెక్నాలజీ: దొంగిలిస్తారా, ప్రభుత్వాలే ఇస్తాయా?

వేగుచుక్క
అందరికీ నమస్కారం. టీవీలో ఈ విషయం మీద ఎప్పుడు చర్చ పెట్టినా ఒకటే ప్రశ్న: "ఉగ్రవాదుల చేతికి అణుబాంబు చిక్కితే?" యాంకర్ గొంతు పెంచుతాడు, వెనకాల పెద్ద పేలుడు బొమ్మ తిరుగుతుంది, అంతటితో సరి. జవాబు ఎవరూ చెప్పరు.

నాకున్న సందేహాలు రెండు. ఇన్ని దశాబ్దాల్లో ఏ ముఠాకీ అణుబాంబు ఎందుకు దొరకలేదు? నిజంగా అంత కష్టమా, లేక మన అదృష్టమా? రెండోది ఇంకా ముఖ్యం. ముఠాలకు డబ్బు, తుపాకులు, శిక్షణ, దాక్కోవడానికి చోటు ఇచ్చే ప్రభుత్వాలు ఉన్నాయి కదా. వాటిలో కొన్నిటి దగ్గర చాలా పెద్ద ఆయుధాలే ఉన్నాయి. తుపాకీ ఇచ్చిన చెయ్యి అవి ఎందుకు ఇవ్వలేదు? రేపు ఇవ్వదని గ్యారంటీ ఏంటి?

తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం ఇక్కడికి తేకండి.

చిన్నా_77
ఇప్పుడు ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతాయి బ్రో. అణుబాంబు కూడా ఎవడైనా చేసేస్తాడు.

పాతకాపు
చిన్నా, ఆ మాట 1970ల నుంచీ అంటూనే ఉన్నారు. బాంబు ఎలా పనిచేస్తుందో చెప్పే భౌతికశాస్త్రం దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. అడ్డుపడేది ముడిసరుకు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కలో, ఒక బాంబుకు సరిపోతుందని అనుమానించాల్సిన మొత్తం 8 కిలోల ప్లుటోనియం, లేదా బాగా శుద్ధి చేసిన యురేనియంలో 25 కిలోల యురేనియం-235. వినడానికి తక్కువే. కానీ దాన్ని తయారు చేయాలంటే యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాలు వేలల్లో కావాలి, లేదా ఒక రియాక్టరు, దాని పక్కన వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే రీప్రాసెసింగ్ ప్లాంటు కావాలి. అంటే ఒక దేశం కావాలి. ఏ ముఠా కూడా కొండ గుహలో కూర్చుని ఆ పని చేయలేదు.

కాబట్టి మిగిలే దారి దొంగతనం. వేగుచుక్క గారు అదృష్టమా అని అడిగారు కదా, ఇక్కడ కొంత అదృష్టం కూడా ఉంది. సోవియట్ యూనియన్ కూలినప్పుడు కజకిస్తాన్‌లోని ఉస్త్-కమెనోగోర్స్క్ ఫ్యాక్టరీలో దాదాపు 600 కిలోల బాంబు స్థాయి యురేనియం ఉండిపోయింది. దాని కాపలా ఎంత బలహీనంగా ఉందో చూసి అమెరికా వాళ్లు కంగారుపడ్డారు. కజకిస్తాన్ ప్రభుత్వంతో మాట్లాడుకుని 1994లో గుట్టుచప్పుడు కాకుండా విమానాల్లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ అణుకేంద్రానికి తరలించారు. వాళ్లకంటే ముందు ఇంకెవరైనా వచ్చి ఉంటే?

ఇంకోటి. 2007 నవంబరులో దక్షిణాఫ్రికాలోని పెలిండాబా అణుకేంద్రంలోకి సాయుధులు రెండు గుంపులుగా చొరబడ్డారు. విద్యుత్ కంచె దాటి కంట్రోల్ రూమ్ దాకా వెళ్లారు, ఒక ఉద్యోగిని కాల్చారు, తిరిగి వెళ్లిపోయారు. అక్కడ బాంబు స్థాయి యురేనియం నిల్వ ఉంది. వాళ్లు దాని కోసమే వచ్చారో లేదో ఈరోజుకీ తేలలేదు.

అమెరికావాళ్లు ఇతరులకు పాఠాలు చెబుతారు గానీ, 2012లో వాళ్ల బాంబు స్థాయి యురేనియం దాచే వై-12 ప్లాంటులోకి కంచెలు కత్తిరించుకుంటూ వెళ్లింది 82 ఏళ్ల సన్యాసిని, ఆవిడతో పాటు ఇద్దరు శాంతి ఉద్యమకారులు. యురేనియం దాచే భవనం గోడ మీద నినాదాలు రాసి, ఎవరైనా వచ్చి పట్టుకుంటారేమోనని చూస్తూ నిలబడ్డారు.

రసాయనం_రాజు
పాతకాపు గారితో ఏకీభవిస్తూనే ఒక విషయం. అందరూ అణుబాంబు దగ్గరే ఆగిపోతారు. ప్రభుత్వ సాయం ఏమీ లేకుండా సామూహిక హనన ఆయుధం తయారుచేసిన ముఠా ఒకటి నిజంగానే ఉంది. జపాన్‌లోని ఓం షిన్రిక్యో.

వాళ్ల దగ్గర లేనిదేమీ లేదు. డబ్బు దండిగా ఉంది, యూనివర్సిటీల్లో చదివిన కెమిస్టులు ఉన్నారు, సొంత స్థలంలో పెద్ద ప్లాంటు ఉంది, మత సంస్థగా గుర్తింపు ఉంది కాబట్టి పోలీసులు లోపలికి వెళ్లడానికి జంకేవారు. అన్నీ ఉండి ఏం సాధించారు? 1993లో టోక్యోలో ఒక భవనం పైనుంచి ఆంత్రాక్స్ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా చల్లారు. చుట్టుపక్కలవాళ్లు దుర్వాసన అని ఫిర్యాదు చేశారు, అంతే. వాళ్ల చేతికి చిక్కింది టీకాకు వాడే, జబ్బు చేయని రకం. 1994 జూన్‌లో మత్సుమోతో అనే ఊళ్లో సారిన్ అనే, నరాలను దెబ్బతీసే విషవాయువు వదిలారు, 8 మంది చనిపోయారు. 1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో ఐదు రైళ్లలో సారిన్ సంచులు పొడిచారు. 14 మంది ప్రాణాలు పోయాయి, వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు. అది కూడా పోలీసులు దాడి చేయబోతున్నారని తెలిసి హడావుడిగా చేసిన నాసిరకం సరుకు. బాగా చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మత్సుమోతో. అక్కడ సారిన్ వాడారని తెలిశాక కూడా పోలీసులు నెలల తరబడి అనుమానించింది ఆ వీధిలోనే ఉండే ఒక బాధితుణ్ని. ఆయన భార్య అదే దాడిలో కోమాలోకి వెళ్లింది. ఒక ముఠా ఇంత పని చేయగలదన్న ఊహే ఎవరికీ రాలేదు. ఆ తొమ్మిది నెలలు ఓం వాళ్లకు దొరికాయి.

చిన్నా_77
సారిన్ అంత ఈజీగా ఎలా చేశారు? అందులో ఏమేం వాడతారు?

అడ్మిన్
చిన్నా, ఆ ప్రశ్నకు ఇక్కడ ఎవరూ జవాబు ఇవ్వరు. తయారీ, పదార్థాలు, ఎక్కడ కొనాలి లాంటివి ఎవరు రాసినా పోస్టు తీసేస్తాను. చరిత్ర, రాజకీయం, చట్టం, నిఘా, వీటి మీద ఎంతైనా మాట్లాడుకోండి.

సుజాత_ఆర్
వేగుచుక్క గారి రెండో ప్రశ్న దగ్గరికి వస్తాను, ఎందుకంటే దాన్ని అందరూ దాటేస్తున్నారు.

ప్రభుత్వం ఒక ముఠాను పెంచేది తాను నేరుగా చేయలేని పని చేయించుకోవడానికి. అందులో అసలు లాభం "మాకేం సంబంధం లేదు" అని చెప్పుకోగలగడం. ఏకే-47 అయితే ఆ మాట చెల్లుతుంది, ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి. అణు పదార్థం అలా కాదు. దానిలోని ఐసోటోపుల (ఒకే మూలకంలోని వేర్వేరు రకాల) పాళ్లు, అందులోని మలినాలు చూస్తే ఏ రకం ప్లాంటు నుంచి వచ్చిందో చాలావరకు కనిపెట్టవచ్చు. పైగా అణ్వాయుధాలున్న దేశాలు తొమ్మిదే, అనుమానితుల జాబితా చాలా చిన్నది. పేలిన మర్నాడు "మాకు తెలియదు" అంటే వినేవాడుండడు. ఇచ్చిన దేశమే మిగలకపోవచ్చు.

రెండో కారణం దీనికంటే బలమైనదని నా అభిప్రాయం. పెంచినవాడి మాట పెరిగినవాడు వినడు. 1980ల్లో భారత ప్రభుత్వ సంస్థలే తమిళ మిలిటెంట్ గ్రూపులకు శిక్షణ ఇచ్చాయి, ఎల్టీటీఈ అందులో ఒకటి. 1987లో శ్రీలంకకు మన శాంతి సేన వెళ్లేసరికి అదే ఎల్టీటీఈ మన జవాన్ల మీద తుపాకీ ఎత్తింది, దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపింది. పాకిస్తాన్ అనుభవం ఇంకా ఘోరం. జిహాదీ ముఠాలను ఆస్తిలా చూసుకున్న దేశంలో 2009లో సైనిక ప్రధాన కార్యాలయం మీదే దాడి జరిగింది, 2014లో పెషావర్ ఆర్మీ స్కూల్లో వంద మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఏ సైన్యాధికారైనా ఇవి చూశాక తన దగ్గరున్న అతి పెద్ద ఆయుధాన్ని అలాంటివాళ్ల చేతిలో పెడతాడా? మంచితనం వల్ల కాదు, తన మెడ కోసమే పెట్టడు.

వేగుచుక్క
సుజాత గారూ, మీ వాదన ప్రభుత్వం అంతా ఒకే బుర్రతో ఆలోచిస్తుందనుకుంటే సరిపోతుంది. లోపలివాళ్లలో ఒకడు తన సొంత లెక్క వేసుకుంటే? పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ సంగతి?

పాతకాపు
అదీ ప్రశ్న.

ఖాన్ కథ తెలియనివాళ్ల కోసం: 1970ల్లో నెదర్లాండ్స్‌లో పనిచేస్తూ సెంట్రిఫ్యూజ్ డిజైన్లు పట్టుకొచ్చి పాకిస్తాన్ అణు కార్యక్రమానికి ప్రాణం పోశాడు. తర్వాత అదే సరుకు ఇరాన్‌కు, ఉత్తర కొరియాకు, లిబియాకు చేర్చాడు. 2003 అక్టోబరులో 'బీబీసీ చైనా' అనే జర్మన్ ఓడను ఇటలీ రేవుకు మళ్లించి సోదా చేస్తే లిబియాకు పోతున్న సెంట్రిఫ్యూజ్ భాగాలు బయటపడ్డాయి. అవి మలేషియాలో తయారై దుబాయ్ మీదుగా వెళ్తున్నాయి. చూడండి, ఎన్ని దేశాల కస్టమ్స్ కళ్ల ముందు నుంచి! 2004 ఫిబ్రవరిలో టీవీలో తప్పు ఒప్పుకున్నాడు, మర్నాడే ముషారఫ్ క్షమించేశాడు. ఐదేళ్లు గృహ నిర్బంధం, అంతే. అంత పెద్ద వ్యాపారం సైన్యానికి తెలియకుండా జరిగిందంటే నేను నమ్మను.

ఇంకా గుబులు పుట్టించేది 2001 ఆగస్టు. పాకిస్తాన్ అణు విభాగంలో పనిచేసి రిటైరైన ఇద్దరు శాస్త్రవేత్తలు అఫ్గానిస్తాన్‌లో బిన్ లాడెన్‌ను కలిసి మాట్లాడారు. వాళ్లు బాంబు డిజైన్ నిపుణులు కారు కాబట్టి పెద్దగా ఇచ్చిందేమీ లేదని తర్వాత తేల్చారు. ఆ కూర్చున్నది ఖాన్ అయి ఉంటే మనం ఇవాళ వేరే చర్చ చేస్తూ ఉండేవాళ్లం.

సుజాత_ఆర్
ఒప్పుకుంటాను, కానీ ఒక తేడా చూడండి. ఖాన్ దగ్గర కొన్నవాళ్లందరూ ప్రభుత్వాలే. ఫ్యాక్టరీ కట్టగలవాడికే ఆ సరుకు పనికొస్తుంది. ముఠాకు సెంట్రిఫ్యూజ్ అమ్మితే ఏం చేసుకుంటుంది?

పాతకాపు
ముఠాయే ప్రభుత్వమైతే? ఐసిస్ 2014లో మోసుల్ పట్టుకుంది. యూనివర్సిటీ, ల్యాబులు, ఫ్యాక్టరీలు, పన్నులు వసూలు చేసే యంత్రాంగం, అన్నీ దాని చేతిలోకి వచ్చాయి. చర్మాన్ని, ఊపిరితిత్తులను కాల్చే మస్టర్డ్ గ్యాస్ సొంతంగా చేసుకుని వాడింది. 2015 ఆగస్టులో సిరియాలోని మారియా మీద జరిగిన మస్టర్డ్ దాడికి బాధ్యత ఐసిస్‌దేనని ఐరాస, రసాయన ఆయుధ నిషేధ సంస్థల ఉమ్మడి దర్యాప్తు తేల్చింది.

మందులచీటి
మోసుల్ మాట వచ్చింది కాబట్టి. నేను ఆసుపత్రిలో రేడియేషన్ విభాగం మనిషిని, అందుకే ఈ ఉదాహరణ నాకు బాగా గుర్తు. మోసుల్‌లో క్యాన్సర్ చికిత్సకు వాడే కోబాల్ట్-60 యంత్రాలు రెండు ఉండేవి. ఐసిస్ ఆ ఊరిని మూడేళ్లు పాలించినా వాటి జోలికి పోలేదు. తెలియకనా, తెలిసి భయపడా అన్నది ఎవరి ఊహ వాళ్లది. ఆ మూడేళ్లూ బయట నిఘా సంస్థలకు నిద్రలేదు, ఆ సంగతి పత్రికలకు కూడా చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇలాంటి యంత్రాల్లోని పదార్థంతో అందరూ భయపడేది డర్టీ బాంబు గురించి. అది అణుబాంబు కాదు, దయచేసి కలపకండి. మామూలు పేలుడుతో రేడియోధార్మిక పదార్థాన్ని వెదజల్లడం. ఎక్కువమంది చచ్చిపోరు. కానీ ఆ ప్రాంతాన్ని శుభ్రం చేయడం, జనం భయాన్ని తగ్గించడం నరకం. బ్రెజిల్‌లోని గొయానియాలో 1987లో ఏ ఉగ్రవాదీ లేడు. మూతపడిన క్లినిక్‌లో వదిలేసిన సీజియం-137 యంత్రాన్ని పాత ఇనుము కోసం విప్పారు. లోపల నీలంగా మెరుస్తున్న పొడిని చుట్టాలకు పంచారు. నలుగురు చనిపోయారు, 249 మందికి కాలుష్యం అంటింది. అనుమానంతో పరీక్ష చేయించుకున్నవాళ్లు లక్ష దాటారు. దాడి కాకుండానే ఇంత. 1995లో చెచెన్ వేర్పాటువాదులు మాస్కోలోని ఇజ్మైలోవ్‌స్కీ పార్కులో సీజియం పొట్లం పెట్టి టీవీవాళ్లకు ఫోన్ చేశారు. పేల్చలేదు. పేల్చాల్సిన అవసరమూ రాలేదు, మాస్కో గుండె ఆగినంత పనైంది.

అణుబాంబుల చుట్టూ సైన్యం ఉంటుంది. ఇలాంటి యంత్రాల చుట్టూ చాలా చోట్ల ఉండేది ఒక తాళం, ఒక రిజిస్టరు.

రసాయనం_రాజు
ఈ పోస్టు పిన్ చేయాలి అడ్మిన్ గారూ.

ఆకాశదీపం
మీరంతా 1990ల్లోనే ఉన్నారు. డ్రోన్ల గురించి ఒక్కరూ మాట్లాడరేం?

ఐసిస్ వాళ్లు దుకాణాల్లో దొరికే నాలుగు రెక్కల డ్రోన్‌కు గ్రెనేడ్ కట్టి మోసుల్‌లో ఇరాక్ సైనికుల నెత్తిన వదిలారు. ప్రపంచంలో అంతకుముందు విమానదళం ఉండటమంటే ఒక దేశం ఉండటం (ఎల్టీటీఈ చిన్న విమానాలతో 2007లో శ్రీలంక వైమానిక స్థావరం కటునాయకే మీద బాంబులు వేసింది, అది మినహాయింపు). ఇప్పుడు ఆ లెక్క మారిపోయింది. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో రెండు బాంబులు పడ్డాయి. నష్టం స్వల్పమే, ఇద్దరికి చిన్న గాయాలు. కానీ విమానాల స్థావరం మీదే ఆకాశం నుంచి దాడి, ఎవరు వదిలారో చూసినవాడు లేడు.

దీనికి పైమెట్టు ప్రభుత్వం వెనకుండి నడిపేది. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్‌కైక్ చమురు కేంద్రం మీద డ్రోన్లు, క్షిపణులు పడితే ఆ దేశపు చమురు ఉత్పత్తిలో సగం దాకా కొన్నాళ్లు ఆగిపోయింది. మేమే చేశామని ఇరాన్ అండ ఉన్న యెమెన్ తిరుగుబాటుదారులు హూతీలు అన్నారు. కాదు ఇరాన్ చేసిందని అమెరికా, సౌదీ అన్నాయి. మాకు సంబంధం లేదని ఇరాన్ అంది. సుజాత గారు చెప్పిన "మాకేం సంబంధం లేదు" ఇక్కడ అచ్చంగా పనిచేసింది.

సుజాత_ఆర్
ఆకాశదీపం గారు నా వాదనను నాకంటే బాగా చెప్పారు. "ఇస్తారా, ఇవ్వరా" అని అడిగితే జవాబు దొరకదు. ప్రభుత్వాలు ఒక గీత గీసుకుని ఆ గీత దాకా ఇస్తాయి. ఆ గీత ఎక్కడుందో చూడాలి, అది మెల్లగా పైకి జరుగుతోంది.

1980ల్లో లిబియా పాలకుడు గడాఫీ, బ్రిటన్ మీద పోరాడే ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీకి ఇచ్చింది తుపాకులు, సెమ్‌టెక్స్ అనే పేలుడు పదార్థం. 1987లో ఎక్సండ్ ఓడ పట్టుబడితే అందులో దాదాపు 150 టన్నుల ఆయుధాలు ఉన్నాయి. అదే కాలంలో అమెరికా అఫ్గాన్ ముజాహిదీన్‌లకు భుజం మీద పెట్టి కాల్చే స్టింగర్ క్షిపణులు ఇచ్చింది, తర్వాత డబ్బిచ్చి మరీ వాటిని వెనక్కి కొనడానికి తంటాలు పడింది. 2006కు వచ్చేసరికి ఇరాన్ అండ ఉన్న లెబనాన్ ముఠా హిజ్బుల్లా దగ్గర యుద్ధనౌకను కొట్టే క్షిపణి ఉంది. జూలై 14న ఇజ్రాయెల్ నౌక హనిత్‌ను కొట్టింది, నలుగురు నావికులు చనిపోయారు. అలాంటిది వాళ్ల దగ్గర ఉంటుందని అనుకోలేదు కాబట్టి నౌక రక్షణ వ్యవస్థ కూడా ఆన్ చేసి లేదు. 2023 నవంబరు నుంచి హూతీలు ఎర్ర సముద్రంలో వాణిజ్య నౌకలను కొట్టడం మొదలుపెడితే పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి.

రైఫిల్, భుజం మీది క్షిపణి, నౌకా విధ్వంసక క్షిపణి, దూరం వెళ్లే డ్రోన్. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఇచ్చిన ప్రభుత్వం చుట్టూ చూసింది, తనకు పెద్ద దెబ్బ తగల్లేదు, ఇంకో మెట్టు ఎక్కింది. నా భయం ఇదే. ఎవరో ఒకరోజు బాంబు పెట్టె అప్పగిస్తారని కాదు.

వేగుచుక్క
ఇది బాగుంది. కానీ "ముఠా" అని మీరు కలిపేసినవాళ్లలో కొందరు తమను విముక్తి పోరాటం అంటారు. ఎవరు ఉగ్రవాదో తేలకుండా ఎవరికి ఇవ్వకూడదో చట్టం ఎలా చెబుతుంది?

న్యాయదండం
చెప్పలేదు, అదే గొడవ. ఉగ్రవాదం మీద సమగ్ర అంతర్జాతీయ ఒప్పందం కావాలని 1996లో ఐరాసలో భారత్ ముసాయిదా పెట్టింది. నిర్వచనం దగ్గరే ఆగి ఈరోజుకీ ఆమోదం పొందలేదు. విదేశీ ఆక్రమణ మీద పోరాడేవాళ్లను మినహాయించాలని కొందరు, ప్రభుత్వ సైన్యాల చర్యలనూ చేర్చాలని కొందరు.

అమెరికా తన సొంత జాబితా పెట్టుకుంది, "ఉగ్రవాదానికి అండగా నిలిచే దేశాలు" అని, 1979 నుంచి. ఉత్తర కొరియాను 2008లో తీసేసి 2017లో మళ్లీ చేర్చారు. క్యూబాను 2015లో తీసి 2021లో చేర్చారు. ఆ దేశాల తీరు అన్నిసార్లు మారిందా, వాషింగ్టన్ అవసరాలు మారాయా, మీరే ఆలోచించండి. పాకిస్తాన్ ఆ జాబితాలో ఎప్పుడూ లేదు. 2008 నవంబరులో ముంబైలో పది మంది 166 మందిని చంపుతున్నంతసేపూ కరాచీ నుంచి ఇంటర్నెట్ ఫోన్లలో ఆదేశాలు వస్తూనే ఉన్నాయి, అవి రికార్డయ్యాయి కూడా. అయినా లేదు.

కొంతైనా కోరలున్నవి రెండు. భద్రతా మండలి 1540వ తీర్మానం, 2004 ఏప్రిల్ నాటిది, ఖాన్ వ్యవహారం బయటపడ్డాక వచ్చింది. అణు, రసాయన, జీవాయుధాలు ముఠాలకు అందకుండా ప్రతి దేశమూ సొంత చట్టం చేసుకోవాలని ఆదేశించింది. రెండోది డబ్బు వైపు నుంచి, ఎఫ్‌ఏటీఎఫ్, అంటే ఉగ్రవాదులకు డబ్బు చేరకుండా చూసే అంతర్జాతీయ సంస్థ. పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు దాకా దాని గ్రే లిస్టులో, అంటే ప్రత్యేక నిఘా జాబితాలో ఉంది. ఆ నాలుగేళ్లలోనే అక్కడి కోర్టులు లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌కు శిక్షలు వేశాయి. నైతిక ఉపన్యాసాలకు కదలని ప్రభుత్వం బ్యాంకు లావాదేవీలు కష్టమయ్యేసరికి కదిలింది.

చిన్నా_77
ఏఐ వచ్చాక ఇవన్నీ పాత కథలే కదా. వైరస్ డిజైన్ కూడా అదే చేసి పెడుతుందంట.

రసాయనం_రాజు
సగం నిజం చిన్నా. ఓం వాళ్లకు లోపించింది పుస్తక జ్ఞానం కాదు, చెయ్యి తిరగడం. ల్యాబులో ఏళ్ల తరబడి పాడుచేస్తూ నేర్చుకునే పని అది. ఏఐ చదివి చెప్పగలదు, పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని దిద్దే రోజు ఎంత దూరంలో ఉందన్నదే నిపుణుల మధ్య వాదన. అలాగని కొట్టిపారేయలేం. మశూచిని 1980లో నిర్మూలించామని ప్రకటించారు, వైరస్ అధికారికంగా రెండు చోట్లే ఉంది, అమెరికాలోని అట్లాంటాలో, రష్యాలోని కోల్ట్‌సోవోలో. కానీ దాని దగ్గరి బంధువైన గుర్రపు మశూచి వైరస్‌ను కెనడా శాస్త్రవేత్తలు ఆర్డరిచ్చి తెప్పించుకున్న డీఎన్ఏ ముక్కలతో మళ్లీ కట్టారు, 2018లో ప్రచురించారు. అంటే ఫ్రీజర్‌కు తాళం వేస్తే సరిపోదు, డీఎన్ఏ అమ్మే కంపెనీలు ఎవరు ఏం అడుగుతున్నారో చూడాలి. చాలా కంపెనీలు చూస్తున్నాయి, కానీ అన్ని దేశాల్లో అది చట్టం కాదు.

జీవాయుధ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది గానీ తనిఖీ చేసే యంత్రాంగమే లేదు. రసాయన ఆయుధాలకు హేగ్‌లో ఒక సంస్థ, ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. జీవాయుధాలకు అది కూడా లేదు.

ఇంకో మాట. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ ఉత్తరాలు వచ్చాయి, ఐదుగురు చనిపోయారు. అందరూ అల్ ఖైదా అన్నారు, ఇరాక్ అన్నారు. చివరికి ఎఫ్‌బీఐ వేలు చూపింది వాళ్ల సొంత సైనిక ప్రయోగశాలలోని శాస్త్రవేత్త వైపు. ఆయన విచారణకు ముందే చనిపోయాడు, కేసు కోర్టుకు వెళ్లలేదు.

మందులచీటి
అందుకే కంచెకంటే లోపల పనిచేసేవాడి మీద ఎక్కువ దృష్టి పెట్టాలంటాను. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారు, ఇద్దరు లేకుండా తలుపు తెరుచుకుంటుందా, యంత్రంలో వాడేసిన రేడియోధార్మిక పదార్థం (సోర్సు) తిరిగి తయారీదారుకు చేరిందా. కోబాల్ట్, సీజియం లేకుండా ఎక్స్-రేతోనో, లీనియర్ యాక్సిలరేటర్‌తోనో పని జరిగే చోట యంత్రం మార్చేయడం ఇంకా మంచిది. కరెంటు ఆపితే రేడియేషన్ ఆగిపోతుంది, దొంగిలించడానికి ఏమీ ఉండదు. ఖర్చు ఎక్కువ, కరెంటు నిలకడగా ఉండాలి, అందుకే పేద దేశాల్లో జరగడం లేదు.

పాతకాపు
నా చివరి మాట సుజాత గారికి. గీత పైకి జరుగుతోందన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఇచ్చే ప్రభుత్వం కంటే కూలే ప్రభుత్వం ప్రమాదమని నేనింకా అంటాను. 2011లో గడాఫీ పడిపోగానే అతని గోదాముల్లోని భుజం మీది క్షిపణులు ఎటు పోయాయో లెక్క దొరకలేదు. సిరియా 2013లో ఒప్పుకున్న 1,300 టన్నుల రసాయనాలను బయటికి తెచ్చి నాశనం చేశారు కాబట్టి సరిపోయింది. 2024 డిసెంబరులో అసద్ పారిపోయిన రోజు అవన్నీ అక్కడే ఉండి ఉంటే ఎవరు ముందు చేరుకునేవాళ్లు?

సుజాత_ఆర్
అసద్ అన్నీ ఒప్పుకోలేదు కదండీ. 2017లో సిరియాలోని ఖాన్ షేఖూన్ పట్టణం మీద సారిన్ పడింది ఆ నాశనం అయ్యాకే. కాబట్టి అక్కడ ఇంకా ఏం మిగిలిందో వెతకాల్సిందే. మీరు చెప్పే కూలిన ప్రభుత్వం, నేను చెప్పే దాచిన ప్రభుత్వం, రెండూ ఆ ఒక్క దేశంలోనే ఉన్నాయి.